రెండు మారుమూల ఎయిర్‌పోర్టుల మధ్య దూరం, ప్రయాణ సమయం ఎలా లెక్కేయాలి?

పెద్ద సిటీల మధ్య అయితే టికెట్ సైట్ తెరిస్తే చాలు, గంటలు నిమిషాలతో సహా కనిపిస్తాయి. సముద్రం మధ్యలో ఉన్న దీవికో, మంచు ప్రాంతంలోని చిన్న రన్‌వేకో వెళ్లాలంటే చాలాసార్లు ఏమీ చూపించదు. అప్పుడు మనమే లెక్క వేసుకోవాలి. అట్లాంటిక్‌లోని సెయింట్ హెలీనా, అసెన్షన్ దీవులతో చేసి చూపిస్తాను.

ముందు ఎయిర్‌పోర్టు కోడ్ పట్టుకోండి. ఊరి పేరుతో వెతకొద్దు, ఒకే పేరుతో రెండు మూడు ఊళ్లుంటాయి. సెయింట్ హెలీనాది హెచ్‌ఎల్‌ఈ, అసెన్షన్‌ది ఏఎస్‌ఐ. మరీ చిన్న రన్‌వేలకు ఈ మూడక్షరాల కోడ్ ఉండకపోవచ్చు, వాటికి నాలుగక్షరాల ఐకావో (అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ) కోడ్ చూడండి.

కోడ్‌తో వెతికితే అక్షాంశం, రేఖాంశం దొరుకుతాయి. సెయింట్ హెలీనా 15.96 దక్షిణం, 5.65 పశ్చిమం, అసెన్షన్ 7.97 దక్షిణం, 14.39 పశ్చిమం. ఆన్‌లైన్ కాలిక్యులేటర్‌లో వేసేటప్పుడు దక్షిణానికీ పశ్చిమానికీ మైనస్ పెట్టాలి, సులువుగా పొరబడేది ఇక్కడే. అసెన్షన్ రేఖాంశానికి మైనస్ మర్చిపోయారనుకోండి, ఆ ఎయిర్‌పోర్టు కాస్తా అంగోలాలో తేలుతుంది, కాలిక్యులేటర్ మాత్రం ఏ ఎర్రరూ చూపకుండా తప్పు దూరం చెప్పేస్తుంది. అందుకే ఆ అంకెల్ని మ్యాప్‌లో వేసి, పిన్ రన్‌వే మీద పడిందో లేదో చూసుకోండి.

చేత్తో కూడా ఒకసారి సరిచూసుకుంటే నాకు ధైర్యంగా ఉంటుంది. ఒక డిగ్రీ అక్షాంశం అంటే సుమారు 111 కి.మీ. ఇక్కడ తేడా దాదాపు 8 డిగ్రీలు, అంటే 888 కి.మీ. రేఖాంశాల తేడా 8.74 డిగ్రీలు, దాన్ని మధ్య అక్షాంశమైన 12 డిగ్రీల కొసైన్‌తో, అంటే 0.98తో, ఆ తర్వాత 111తో గుణిస్తే సుమారు 950. ఈ రెండింటి వర్గాలు కూడి వర్గమూలం తీస్తే 1,300 కి.మీ. వస్తుంది. ధ్రువాల దగ్గర, వేల కిలోమీటర్ల దూరాలకు ఈ పద్ధతి పనికిరాదు, అక్కడ భూమి వంపును లెక్కలోకి తీసుకునే కాలిక్యులేటర్‌నే వాడండి.

ఇక సమయం. జెట్ అయితే గంటకు 800 కి.మీ., ఏటీఆర్ లాంటి ప్రొపెల్లర్ విమానమైతే 500 వేసుకోండి. టేకాఫ్, దిగడం, రన్‌వే దాకా నడపడం, అన్నిటికీ కలిపి ఇంకో అరగంట. మన 1,300 కి.మీ.కి జెట్‌లో రెండు గంటలు దాటుతుంది, ఏటీఆర్‌లో మూడు గంటలు పైనే.

ఎదురుగాలి సంగతి మరవకండి. చిలీలోని శాంటియాగో నుంచి ఈస్టర్ దీవికి 3,750 కి.మీ., పడమటికి వెళ్లేటప్పుడు గాలి ఎదురై తిరుగు ప్రయాణం కంటే ఎక్కువసేపు పడుతుంది. అయినా టికెట్ మీద తక్కువే అనిపిస్తుంది, ఎందుకంటే దీవి గడియారం శాంటియాగో కంటే 2 గంటలు వెనక. టికెట్ మీద ఉండేవి ఎక్కడికక్కడ స్థానిక సమయాలు, కాబట్టి రెండింటినీ ఒకే టైమ్‌కి మార్చాకే తీసివేయండి.

చివరగా, అసలు నేరుగా విమానం ఉందో లేదో చూడండి. సెయింట్ హెలీనా, అసెన్షన్ మధ్య రోజూ నడిచే సర్వీసు లేదు. నేరుగా లేకపోతే ఒక్కో మజిలీకి విడివిడిగా పై లెక్క వేసి, మధ్యలో ఎదురుచూసే గంటలు, అవసరమైతే రోజులు కూడా కలపండి.