కొత్త బ్రాస్ పొట్టిగా చూపిస్తోందా? రైఫిల్ హెడ్‌స్పేస్ కొలతల్లో సమస్య - పరిష్కారం

టెక్సాస్‌లో మా గరాజ్‌లోనే నా బోల్ట్ రైఫిల్‌కి .308 విన్‌చెస్టర్ తూటాలు లోడ్ చేసుకుంటాను. కొత్త బ్రాస్ (తూటాకి వాడే ఖాళీ ఇత్తడి కేసులు) కొన్న తెలుగు మిత్రులు ఎక్కువగా టెన్షన్ పడేది హెడ్‌స్పేస్ కొలతల దగ్గరే. హెడ్‌స్పేస్ అంటే మూసిన బోల్ట్ ముఖం నుంచి, ఛాంబర్‌లో (తూటా కూర్చునే గదిలో) కేసు షోల్డర్, అంటే మెడ కింది ఏటవాలు భాగం, ఆనే చోటు దాకా ఉన్న దూరం. ఇక్కడ థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు.

సమస్య: కొత్త కేసు, నా రైఫిల్‌లో కాల్చిన కేసు కన్నా 5, 6 థౌ పొట్టిగా ఉంది.

కారణం: కొత్త బ్రాస్ ఏ రైఫిల్‌లోనైనా పట్టాలి కాబట్టి కంపెనీలు పొట్టిగానే చేస్తాయి. సామీ (అమెరికా తుపాకుల, తూటాల తయారీదారుల ప్రమాణాల సంస్థ) ప్రమాణం ప్రకారం ఈ కొలత .308 ఛాంబర్‌కి 1.630 నుంచి 1.640 అంగుళాలు, తూటాకి 1.627 నుంచి 1.634. అంటే రెండూ ప్రమాణంలోనే ఉన్నా 13 థౌ దాకా ఖాళీ రావచ్చు.

పరిష్కారం: బ్రాస్ వాపసు పంపకండి. కొత్త కేసు షోల్డర్‌ని డైతో (కేసుని నొక్కి సైజుకి తెచ్చే అచ్చుతో) ఇంకా వెనక్కి నెట్టకండి, మూతి గుండ్రంగా ఉందో లేదో చూసుకుంటే చాలు. లోడింగ్ పుస్తకంలోని మధ్యస్థ లోడ్‌తో (మందు మోతాదుతో) ఒకసారి కాలిస్తే కేసు సాగి మీ ఛాంబర్ కొలతకి దగ్గరవుతుంది. మరీ తక్కువ లోడ్ వాడితే కేసు సరిగ్గా సాగదు, ప్రైమర్ (కేసు అడుగున మందుని అంటించే చిన్న టోపీ) బయటికి పొడుచుకొస్తుంది.

సమస్య: కంపారేటర్ (కాలిపర్‌కి తగిలించి షోల్డర్ దాకా కొలిచే పరికరం) రీడింగ్ పుస్తకంలోని అంకెతో కలవడం లేదు, పైగా కేసుకో రకంగా వస్తోంది.

నేనూ రెండు రోజులు దీంతోనే తల పట్టుకున్నాను. చివరికి కాల్చిన కేసు అడుగున గోరుతో రాస్తే ప్రైమర్ అంచు తగిలింది. కాలిపర్ దవడ ఆనుతున్నది కేసుకి కాదు, ఆ అంచుకి. ముందు ప్రైమర్ తీసేసి, తర్వాత కొలవండి. ఇక పుస్తకంలోని అంకెతో తేడా అంటారా, కంపారేటర్ ఉన్నది పోల్చి చూడ్డానికే. రెండు కేసుల మధ్య తేడాని నమ్మండి, అసలు అంకెని కాదు.

సమస్య: మూడు నాలుగు సార్లు కాల్చాక కేసు అడుగుకి కొంచెం పైన మెరిసే గీత.

ఇది నిర్లక్ష్యం చేయకూడనిది. పేపర్ క్లిప్ కొన వంచి లోపలి గోడ మీద కిందికీ పైకీ లాగండి. గాడిలో పడినట్టు తగిలితే అక్కడ గోడ పల్చబడినట్టే, ఆ కేసు చిదిమి పారేయండి. ఎక్కువగా దీనికి కారణం సైజింగ్ డై ప్రతిసారీ షోల్డర్‌ని అతిగా నెట్టడం. బోల్ట్ రైఫిల్‌కి 1, 2 థౌ చాలు, సెమీ ఆటోకి 3, 4. డై మర ఒక చుట్టు తిప్పితే సుమారు 71 థౌ కదులుతుంది కాబట్టి, వేలెడంత కాదు, వెంట్రుకవాసి తిప్పి మళ్లీ కొలవండి.

సమస్య: బోల్ట్ నో-గో గేజ్ (ఛాంబర్‌లో పెట్టి హెడ్‌స్పేస్ ఎక్కువైందేమో చూసే కొలత ముక్క) మీద కూడా మూసుకుంటోంది.

ఫైరింగ్ పిన్, ఎజెక్టర్ తీసి వేలి ఒత్తిడితోనే పరీక్షించండి. .308కి గో గేజ్ 1.630, నో-గో 1.634, ఫీల్డ్ 1.638. నో-గో మీద మూసుకుంటే గన్‌స్మిత్‌కి చూపించండి. ఫీల్డ్ మీద కూడా మూసుకుంటే ఆ రైఫిల్‌తో ఇంక ఒక్క తూటా కూడా కాల్చకండి.