కింద కూర్చుని, చెయ్యి ఆనకుండా లేవండి చూద్దాం

ముందు ఓ పని చేయండి. ఫోన్ పక్కన పెట్టి, నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చోండి. ఇప్పుడు చేతులు ఎక్కడా ఆనించకుండా పైకి లేవండి. లేచారా? అయితే అప్పట్లో నాకంటే మీరు నయం. నలభై నాలుగో ఏట మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం చేసుకుని, ఐదు కథలూ విని, పీట మీంచి లేవబోతే కాళ్లు నా మాట వినలేదు, చివరికి పంతులుగారే చెయ్యందించి లేపారు. ఆయనకు డెబ్భై దగ్గర పడుతున్నాయి.

ఆ సిగ్గుతో అందరూ చేసే పనే నేనూ చేశాను. జనవరిలో జిమ్‌కి ఏడాది ఫీజు ఒకేసారి కట్టి, ఇరవై మూడు రోజులు వెళ్లి, ఇరవై నాలుగో రోజు నడుం పట్టేస్తే ఇంట్లో పడుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే నా లెక్కే తప్పు. మూడు నెలల్లో పొట్ట తగ్గాలని మొదలుపెట్టిన వ్యాయామం మూడు నెలలకే ఆగిపోతుంది, పొట్ట తగ్గినా తగ్గకపోయినా.

అందుకని లెక్క వెనక నుంచి వేయడం మొదలుపెట్టాను. డెబ్భై ఐదేళ్లు వచ్చాక కూడా ఎవరి సాయం లేకుండా ఏ పనులు చేసుకోవాలనుకుంటున్నారో ఒక కాగితం మీద రాయండి, నాలుగు చాలు. నావి ఇవి: నేల మీద కూర్చుని లేవడం, అలిపిరి మెట్ల మీదుగా కొండెక్కడం, బియ్యం బస్తా కింది నుంచి మొదటి అంతస్తుకు మోయడం, కదులుతున్న బస్సులో కంబీ పట్టుకుని పడకుండా నిలబడటం. మీ జాబితా వేరే ఉండొచ్చు, మనవరాలిని ఎత్తుకోవడం, పొలం గట్ల మీద నడవడం, రైల్లో మిడిల్ బెర్త్ ఎక్కడం, ఏదైనా. ఏం రాసినా అందులో ఉండేవి నాలుగే: కాళ్లలో బలం, గుండెకు దమ్ము, నడుం చేతుల్లో పట్టు, ఒంటికి బ్యాలెన్స్. ప్లాన్ అంటే ఈ నాలుగింటికీ వారంలో చోటు చూపించడమే.

మొదట మీరు ఎక్కడున్నారో చూసుకోండి

బరువు కంటే నడుం చుట్టుకొలత ముఖ్యం. టేపు బొడ్డు దగ్గర చుట్టి, పొట్ట లోపలికి లాక్కోకుండా (ఇది అందరం చేస్తాం) కొలవండి. మన దేశస్థులకు మగవాళ్లకైతే 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకైతే 80 దాటితే జాగ్రత్త పడాలి. మనవాళ్లకు సన్నటి కాళ్లూ చేతులూ ఉండి కూడా పొట్టలో కొవ్వు పేరుకుంటుంది, అందుకే బీఎంఐలో (ఎత్తుకు తగ్గ బరువుందా అని చూసే లెక్క) కూడా మనకు 23 నుంచే అధిక బరువుగా లెక్కేస్తారు, వేరే దేశాల్లోలా 25 నుంచి కాదు.

రెండోది కుర్చీ పరీక్ష. చేతులు లేని కుర్చీని గోడకు ఆనించి వేసి, రెండు చేతులూ ఛాతీ మీద మడుచుకుని, ముప్పై సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టండి. అరవై నుంచి అరవై నాలుగేళ్ల మగవాళ్లు 14 సార్లు, ఆడవాళ్లు 12 సార్లు చేయలేకపోతే సగటు కంటే తక్కువ కింద లెక్క. నలభైల్లో ఉన్న మీకు అంతకంటే చాలా ఎక్కువే రావాలి. నాకు మొదటిసారి పదిహేను వచ్చాయి, అవి కూడా చివరి రెండూ కుర్చీ మీద పడిపోయినట్టు కూర్చుని.

బీపీ, షుగర్ చూపించుకుని కాగితం వెనక రాసుకోండి. గుండె జబ్బు ఉన్నా, మెట్లెక్కితే గుండెల్లో పట్టేసినట్టుంటున్నా, కళ్లు తిరుగుతున్నా ముందు డాక్టరు, తర్వాతే వ్యాయామం. మధ్యలో ఛాతీ బరువెక్కి చల్లటి చెమటలు పడితే గ్యాస్ అనుకుని సోడా తాగుతూ కూర్చోవద్దు, 108కి ఫోన్ చేయండి.

నడక: ఇది తేలిక, కాబట్టి త్వరగా చెప్పేస్తా

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచన ప్రకారం పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ కావాలి. రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు నడిస్తే 150 అయిపోతుంది. ఓ మోస్తరు అంటే ఎంత అని వాచీలు చూసుకోనక్కర్లేదు: నడుస్తూ పక్కవాళ్లతో మాట్లాడగలగాలి, కానీ పాట పాడబోతే ఎగశ్వాస రావాలి. పార్కులో నలుగురూ వరసగా రాజకీయాలు మాట్లాడుకుంటూ నడిచే నడకలో పాటేం ఖర్మ, హరికథ కూడా చెప్పొచ్చు, అది లెక్కలోకి రాదు.

పదివేల అడుగుల సంగతి కూడా వదిలేయండి. 1965లో జపాన్‌లో ఒక కంపెనీ అడుగులు లెక్కపెట్టే పరికరం అమ్ముకోవడానికి పెట్టిన పేరు అది, పదివేల అడుగుల మీటర్ అని. ఇప్పుడు మూడు వేలు నడుస్తుంటే నాలుగున్నర వేలకు వెళ్లండి, అదే మీకు పెద్ద మార్పు. అరగంట ఒకేసారి కుదరకపోతే భోజనం అయ్యాక పది నిమిషాల చొప్పున మూడుసార్లు నడవండి, తిన్న తర్వాత నడక షుగర్ ఒక్కసారిగా పెరగకుండా ఆపుతుంది కూడా.

బలం: అసలు కథ ఇక్కడుంది

మనలో చాలామంది వాకింగ్ చేసి పని అయిపోయిందనుకుంటారు. అవ్వదు. ముప్పైలు దాటాక కండ మెల్లగా తగ్గుతూ వస్తుంది, అరవై తర్వాత ఆ తగ్గడం ఇంకా జోరందుకుంటుంది, నడక ఒక్కటే దాన్ని ఆపలేదు. వారానికి కనీసం రెండు రోజులు కండలకు పని చెప్పాలి. దీనికి మెషీన్లు అక్కర్లేదు. దండేలు (పుష్‌అప్‌లు), బస్కీలు మన తాలింఖానాల్లో, అంటే పాతకాలపు వ్యాయామశాలల్లో, ఎప్పటి నుంచో ఉన్నవే, వీరఘట్టంలో పుట్టిన మల్లయోధుడు కోడి రామమూర్తి నాయుడి పేరు విన్నవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. బడిలో హోంవర్కు చేయనందుకు మాస్టారు తీయించిన గుంజీళ్లు ఉన్నాయి చూశారూ, ఇప్పుడు జిమ్‌లో డబ్బులు తీసుకుని చేయించేది దాదాపు అదే.

చేయాల్సినవి నాలుగే. మొదటిది గుంజీళ్లు. మొదట కుర్చీలో కూర్చుని లేవండి, అది పన్నెండుసార్లు హాయిగా వచ్చేస్తే పిరుదులు కుర్చీకి తగిలీ తగలకుండా లేవండి, తర్వాత కుర్చీ తీసేయండి, ఆ తర్వాత చేతుల్లో ఐదు కేజీల పిండి సంచి పట్టుకుని చేయండి. మడమలు నేల మీంచి లేవకూడదు. మోకాలి నొప్పి ఉంటే నొప్పి మొదలయ్యే చోటు కంటే కాస్త పైనే ఆగండి, అలా చేస్తూ పోతే నెలల మీద ఆ చోటు కిందికి దిగుతూ వస్తుంది, నా కుడి మోకాలు అలాగే దారికొచ్చింది.

రెండోది దండేలు, తిన్నగా నేల మీద మొదలుపెట్టొద్దు. గోడకు చేతులు ఆనించి చేయండి, అది తేలికయ్యాక వంటగట్టు పట్టుకుని, తర్వాత మంచం అంచు మీద, ఆఖరున నేల మీద. నేను నేల దాకా రావడానికి ఐదు నెలలు పట్టింది, ఇరవయ్యేళ్ల మా అబ్బాయి నవ్వాడు, నవ్వనివ్వండి.

మూడోది నేల మీది బరువు ఎత్తడం. మన నడుములు పట్టేసేది ఇక్కడే, వీపు విల్లులా వంచి నీళ్ల క్యాన్ లేపేటప్పుడు. బరువును కాళ్లకు దగ్గరగా పెట్టుకోండి, వీపు తిన్నగా ఉంచి పిరుదులు వెనక్కి నెట్టి వంగండి, కాళ్లతో లేవండి. నాలుగోది మోత: రెండు చేతుల్లో రెండు సమానమైన సంచులు పట్టుకుని, భుజాలు వంగిపోకుండా హాల్లో ఒక నిమిషం నడవడం. ఐదేసి కేజీలతో మొదలుపెట్టండి. నా గురి మాత్రం బస్తా. 2022 జులైలో పాతిక కేజీల దాకా ప్యాక్ చేసిన బియ్యానికి జీఎస్టీ వేశాక మిల్లులవాళ్లు పన్ను తప్పించుకోవడానికి 26 కేజీల బస్తాలు కొట్టడం మొదలుపెట్టారు, అంటే ప్రభుత్వం పుణ్యమా అని నా వ్యాయామం ఒక కేజీ పెరిగింది.

ఒక్కోటి ఎనిమిది నుంచి పన్నెండుసార్లు, రెండు లేదా మూడు విడతలు, మధ్యలో ఒకటిన్నర నిమిషం విశ్రాంతి. చివరి రెండు సార్లు కాస్త కష్టంగా అనిపించాలి, కానీ తీరు చెడకూడదు. పన్నెండూ సులువుగా వచ్చేశాయంటే తర్వాతి వారం ఏదో ఒక్కటి పెంచండి, బరువైనా సరే, సంఖ్యైనా సరే, రెండూ కలిపి కాదు. బరువెత్తేటప్పుడు ఊపిరి బిగబట్టొద్దు, బీపీ ఉన్నవాళ్లైతే మరీను. మర్నాడు కండలు పులిసినట్టుంటే మామూలే, కీలులో సూదితో పొడిచినట్టుంటే ఆపేయండి.

ఆడవాళ్లకు ఈ బరువులెందుకు, ఇంటి పని చాలదా అని మా అత్తయ్యగారు అడిగారు. ఇంటి పని శ్రమే, కాదనను, కానీ ఇరవయ్యేళ్లుగా అదే బిందె, అదే చీపురు, ఒంటికి అలవాటైపోయి కండ పెరగడానికి కారణం దొరకదు. నెలసరి ఆగిపోయాక ఎముకలు పలచబడతాయి, వాటికి బరువు మోసే పనే మందు. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో శ్రీకాకుళం ఆడపిల్ల కరణం మల్లీశ్వరి బరువులెత్తి కాంస్యం తెచ్చి పాతికేళ్లు దాటింది, ఇంకా ఈ ప్రశ్న అడుగుతున్నాం. అత్తయ్యగారు ఇప్పుడు రెండు లీటర్ల నీళ్ల సీసాలతో చేస్తున్నారు, సీరియల్ చూస్తూ.

బ్యాలెన్స్‌కి వేరే టైం అక్కర్లేదు, పళ్లు తోముకుంటూ ఒంటికాలి మీద నిలబడండి, చెయ్యి గోడకు అందే దూరంలో ఉంచి. అరవై ఐదు దాటినవాళ్లు మాత్రం దీన్ని వారంలో మూడు రోజులు ప్రత్యేకంగా చేయాలి, ఆ వయసులో బాత్రూంలో ఒక్కసారి జారితే ఏమవుతుందో మన ఇళ్లలో అందరం చూసినవాళ్లమే. సూర్య నమస్కారాలు వచ్చినవాళ్లు ఆరు చేసుకుంటే ఒంటి వంపు సంగతి అందులోనే వచ్చేస్తుంది.

చెడ్డ వారానికి ప్లాన్ వేయండి

అందరూ బాగున్న వారానికి ప్లాన్ వేస్తారు. మీరు ఇంట్లో పెళ్లి, ఆఫీసులో ఆడిట్, పిల్లాడికి జ్వరం, మూడూ ఒకేసారి వచ్చిన వారానికి వేయండి. నా చెడ్డ వారం ప్లాన్ ఇది: రాత్రి భోజనం తర్వాత పది నిమిషాల నడక, వారం మొత్తంలో ఒక్కసారి ఆ నాలుగు వ్యాయామాలూ ఒక్కో విడత. అంతే, పావుగంట పని. మంచి వారంలో సోమ, గురువారాలు బలం, మిగతా ఐదు రోజులు నడక, అందులో ఆదివారం మెట్లు. ఒక్క రోజు పోతే మర్నాడు రెండింతలు చేయొద్దు, పోయింది పోయింది. డెంగీ, చికున్‌గున్యా లాంటి జ్వరమేదైనా తగిలాక పూర్తిగా కోలుకుని, అప్పుడు సగం నుంచి మొదలుపెట్టండి.

ఎండాకాలం సంగతి విడిగా చెప్పాలి. రెంటచింతల, రామగుండం వైపు వాళ్లకు మే నెలలో ఉదయం ఎనిమిదికే బయట నిలబడలేని పరిస్థితి. ఐదున్నరకు బయటికెళ్లి ఆరున్నరకు ఇంట్లో ఉండండి, కుదరకపోతే నడక బదులు అపార్టుమెంటు మెట్లు, అదీ తక్కువసేపు. చెమట ఎక్కువ పడితే ఉప్పేసిన పల్చటి మజ్జిగ బాగా పనిచేస్తుంది.

షుగర్‌కి ఇన్సులిన్ తీసుకునేవాళ్లకు, కొన్ని రకాల మాత్రలు వేసుకునేవాళ్లకు వ్యాయామంలో షుగర్ పడిపోయే ప్రమాదం ఉంది, జేబులో గ్లూకోజ్ బిళ్లలో కాస్త చక్కెరో పెట్టుకోండి, ఇంటికొచ్చాక అరికాళ్లు చూసుకోండి.

పళ్లెంలో ఏముంది

అన్నం మానేయమని చెప్పను, చెప్పినా మీరు మానరు. కానీ బలం వ్యాయామాలు చేస్తూ ప్రొటీన్ తినకపోతే ఇటుకలు లేకుండా మేస్త్రీని పిలిచినట్టే. హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం ఒంటి బరువు కేజీకి రోజుకు 0.83 గ్రాములు కావాలి, అరవై కేజీల మనిషికి యాభై గ్రాములు. గుడ్డులో ఆరు గ్రాములుంటాయి. ఉదయం ఇడ్లీ బదులు వారంలో రెండు మూడు రోజులు పెసరట్టు, మధ్యాహ్నం అన్నం ఒక గరిటె తగ్గించి ముద్దపప్పు ఒక గరిటె పెంచడం, సాయంత్రం పకోడీల చోట ఉడకబెట్టిన శనగలో వేరుశనగలో. మాంసం తినేవాళ్లకు ఇదంతా ఇంకా సులువు, ఆదివారం ఒక్కరోజే కాకుండా వారంలో కాస్త సర్దుకుంటే చాలు.

చివరగా కొండ

ఏడాదికోసారి పెద్ద పరీక్ష పెట్టుకోండి. నాకు అది తిరుమల. అలిపిరి దారిలో 3,550 మెట్లు, దాదాపు తొమ్మిది కిలోమీటర్లు. శ్రీవారి మెట్టు దారి పొట్టిది, 2,388 మెట్లు, కానీ అంతా నిట్టనిలువు. అలిపిరిలో గాలిగోపురం దాకా ఒకటే ఎక్కుడు, అక్కడి నుంచి కాస్త ఊపిరి తీసుకోనిస్తుంది, అయిపోయిందనుకునే వేళకి మోకాళ్ల పర్వతం వస్తుంది. దీనికి మూడు నెలల ముందు నుంచి ఆదివారం మెట్లు పెంచుకుంటూ వెళ్లండి: మొదటి వారం పది అంతస్తులు, నెల తిరిగేసరికి ముప్పై, చివర్లో అరవై డెబ్భై. దిగడం కూడా సాధన చేయండి, తొడలు మర్నాడు వణికేది ఎక్కినందుకు కాదు, దిగినందుకు. చెప్పుల్లేకుండా ఎక్కే మొక్కు ఉంటే డాబా మీద వట్టికాళ్లతో నడిచి అరికాళ్లకు ముందే అలవాటు చేయండి. గుండె, షుగర్ సమస్యలున్నవాళ్లు, అరవై దాటినవాళ్లు డాక్టరును అడిగాకే.

ఇవన్నీ రాసుకోవడానికి యాప్ ఏదీ కొనక్కర్లేదు. పాల లెక్క రాసే గోడ క్యాలెండరులోనే, నడిచిన రోజు న, బలం చేసిన రోజు బ. మూడు నెలలకోసారి నడుం కొలత, కుర్చీ పరీక్ష మళ్లీ చేసి ఆ నెల పేజీ వెనక తేదీతో రాయండి. కిందటి ఉగాదికి నాకు ఇరవై రెండు వచ్చాయి, బస్తా మాత్రం ఇంకా రెండో మలుపు దగ్గర ఓసారి దించుతున్నాను.