ట్యాంకు మీద కూర్చుని పోయే మన పిల్లలకు జాగ్రత్తలు

మిలటరీ నుంచి దసరా సెలవుకు వచ్చిన మా వీధి పిల్లోడు కుడికాలికి కట్టుతో బస్సు దిగాడు. వాళ్లమ్మకు బైకు మీద నుంచి పడ్డానని చెప్పాడు. కడప బస్టాండు దగ్గర టీ తాగుతూ నాకు మాత్రం అసలు సంగతి చెప్పాడు. ట్యాంకు మీద కూర్చుని పోతుంటే టర్రెట్ (ఫిరంగి ఉండే పై భాగం) తిరిగి మడమ నలిగిందంట.

చలికాలం ఎక్సర్‌సైజులు, అంటే సైన్యం యుద్ధ సాధన, మొదలవుతున్నాయి. కడప, కర్నూలు, అనంతపురం పిల్లలు రాజస్థాన్ ఇసుకలోకి పోతారు. నేను మెకనైజ్డ్ ఇన్‌ఫాంట్రీలో (కవచం ఉన్న బండ్లలో పోయే కాల్బలం) చేసి వచ్చినవాణ్ణి కాబట్టి రాస్తున్నా. హెల్మెట్ పెట్టుకో, నీళ్లు తాగు లాంటివి మీ ఉస్తాదులు చెప్తారు. అవి నాకొద్దు.

ఎక్కే ముందు

డ్రైవర్‌కి కనబడేలా ముందు వైపు నుంచే ఎక్కండి, అదీ కమాండర్ చెయ్యి ఊపాకే. హ్యాచ్ (పై మూత) మూసుకున్న డ్రైవర్ పెరిస్కోపు అద్దాల్లోంచి చూస్తాడు. ట్యాంకుకు ఆనుకుని నిలబడ్డ మనిషి వాడికి కనబడడు.

స్టెబిలైజర్ (బండి కదిలినా ఫిరంగిని గురి మీదే నిలిపే యంత్రం) ఆపారా అని అడగండి. జవాబు చెవిన పడేదాకా కాలు ఎత్తొద్దు.

కూర్చునే చోటు

అసలు చెప్పాలనుకున్నది ఇదే. మనం చిన్నప్పటి నుంచి శెనక్కాయ మూటల మీద, ట్రాక్టర్ మడ్‌గార్డు మీద కూర్చుని తిరిగినవాళ్లం. బండి ఎగిరినా దూకినా, మన కింద ఇనుము మాత్రం ఉన్నచోటే ఉంటుందని ఒక ధైర్యం. ట్యాంకు మీద ఆ ధైర్యమే కొంప ముంచుతుంది.

స్టెబిలైజర్ నడుస్తోంది, గన్నర్ దూరంగా ఒక దిబ్బకు గురి పెట్టాడు అనుకోండి. గుంత తప్పించడానికి డ్రైవర్ బండిని ఎడమకు తిప్పాడు. బండి తిరుగుతుంది, ఫిరంగి గొట్టం మాత్రం ఆ దిబ్బనే చూస్తుంటుంది. దాని పనే అది. గన్నర్ వేలు కూడా కదపలేదు. కానీ బండి మీద కూర్చున్న నీ లెక్కకు టర్రెట్ గిర్రున తిరిగినట్టే. దాని అంచుకూ డెక్కుకూ (బండి పై పలకకూ) మధ్య సందులో నీ బూటు ఉంటే ఇక చెప్పేదేముంది? అన్ని టన్నుల ఇనుము ఎముక అడ్డం వచ్చిందని ఆగదు. నీ అరుపు ఇంజన్ మోతలో లోపలికి వినబడదు.

అందుకే టర్రెట్ తిరిగే చోట కాలు పెట్టొద్దు. వీపు ఆనించొద్దు. బ్యాగు తాడు టర్రెట్‌కి కట్టి కొస నడుముకు చుట్టుకోవద్దు. అలా కట్టుకున్నవాణ్ణి చూశాను. ఇప్పుడు కర్ర లేకుండా నడవలేడు.

వెనక ఇంజన్ డెక్ మీద చలికి వెచ్చగా ఉంటుంది. ఆ వెచ్చదనానికే నిద్ర ముంచుకొస్తుంది. పక్కవాడి కునుకు నీ బాధ్యత. టి-72 ట్యాంకుకి పొగగొట్టం ఎడమ పక్కన ఉంటుంది, ఆ వైపు వద్దు. ఆ ట్యాంకు గుండు పేల్చాక 125 మిల్లీమీటర్ల తూటా అడుగు ముక్కను టర్రెట్ వెనక కిటికీలోంచి బయటికి విసురుతుంది, కాలుతూ ఉంటుంది. నువ్వు దాక్కుందామనుకున్న చోటు అదే. ఫైరింగ్ ఉంటే పైన మనిషి ఉండకూడదు.

రెండో ప్రపంచ యుద్ధంలో రష్యావాళ్లు టి-34 ట్యాంకుల మీద సైనికుల్ని ఎక్కించి చాలామందిని పోగొట్టుకున్నారు. 1944 ఆగస్టులో కెనడావాళ్లు ఫ్రాన్స్‌లోని నార్మండీలో ఫిరంగి బండ్ల ఫిరంగులు పీకేసి, లోపల మనుషుల్ని కూర్చోబెట్టారు. వాటికి కంగారూ అని పేరు. టర్రెట్టే లేదు కాబట్టి ఈ గోల లేదు, కానీ దిగాలంటే గోడ దూకాల్సిందే. ఇజ్రాయెల్ టి-55 ట్యాంకు డొక్కులతో అఖ్జరిత్ అనే సైనికుల బండి చేసినప్పుడు ఇంజన్ మార్చి, దాని పక్క నుంచి వెనక తలుపుకు దారి తీసింది. మన సైనికుల్ని మోసే బండి బీఎంపీ-2కు వెనక తలుపులు మొదటి నుంచే ఉన్నాయి. వాటి లోపల డీజిల్ ఉంటుంది, సిగరెట్ సరదా అక్కడ వద్దు. బీఎంపీ ఉండగా ట్యాంకు ఎక్కమంటే ఎందుకని మర్యాదగా అడగండి.

ఇక మిగతావి.

వెనక వేలాడే డీజిల్ డ్రమ్ముల మీద కూర్చోవద్దు.

రియాక్టివ్ ఆర్మర్ ఇటుకలు మెట్లు కావు. రాకెట్ తగిలితే పేలేవి అవి, పేలేది నీ కిందే.

తుమ్మకొమ్మ, కరెంటు వైరు, ఆంటెన్నా. తల వంచు.

సెల్ఫీ కోసం గొట్టం పట్టుకున్నావంటే నా దగ్గరికి రావొద్దు.

రైఫిల్‌ను సేఫ్టీ మీద పెట్టి ఉంచు. స్లింగ్ (తుపాకీ పట్టీ) మెడలో వద్దు.

టర్రెట్ తిరిగే చోట కాలు పెట్టొద్దు. బండి ఆగి ఉన్నా సరే, ఇంజన్ ఆపేసినా సరే.

కమాండర్ చెప్పకుండా దిగొద్దు. దిగాక ట్యాంకు ముందు నుంచి అడ్డం పోవద్దు, వెనక్కి అడుగు వెయ్యొద్దు. దుమ్ములో రెండో ట్యాంకు వస్తుంటుంది.