గేమింగ్ కోసం ప్రాసెసర్ మార్చాలా? – 3వ పాఠం: ఎవరి కోసం ఎవరు ఆగుతున్నారు

పోయిన పాఠంలో ఎమ్ఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే ప్రోగ్రామ్ పెట్టుకుని, ఆట ఆడుతుండగా స్క్రీన్ మూలన అంకెలు కనబడేలా చేసుకున్నాం. ఎఫ్‌పీఎస్ (సెకనుకు ఎన్ని ఫ్రేములు, అంటే బొమ్మలు, వస్తున్నాయో), ఫ్రేమ్ టైమ్ (ఒక్కో ఫ్రేమ్‌కి పట్టే సమయం), గ్రాఫిక్స్ కార్డ్ వాడకం, ప్రాసెసర్‌లోని ఒక్కో కోర్ వాడకం కనబడుతుంటే చాలు. ఈ రోజు వాటితో అసలు విషయం తేల్చుకుందాం: ఆట నెమ్మదించేది ప్రాసెసర్ వల్లా, కార్డ్ వల్లా? ఇది తేలేదాకా దయచేసి ఏమీ కొనకండి.

ఆటలో ఎవరు ఎక్కడున్నారు, తూటా ఎవరికి తగిలింది, ఈ క్షణంలో ఏవేవి కనబడాలి అనే లెక్కంతా ప్రాసెసర్ కట్టి, ఏం గీయాలో కార్డ్‌కి చిట్టా ఇస్తుంది. కార్డ్ ఆ చిట్టా చూసి పిక్సెళ్ళకు రంగులు వేస్తుంది. కార్డ్ ఒక ఫ్రేమ్ గీస్తుండగానే ప్రాసెసర్ తర్వాతి ఫ్రేమ్ లెక్కలో పడుతుంది. కాబట్టి రెండింటిలో ఏది ఎక్కువ సమయం తీసుకుంటే దాని వేగమే ఆట వేగం. సెకనుకు 60 ఫ్రేములు కావాలంటే ఒక్కోదానికి దొరికే సమయం 16.7 మిల్లీసెకన్లు. 144 కావాలంటే 6.9 మాత్రమే.

రిజల్యూషన్ (బొమ్మ గీయడానికి వాడే పిక్సెళ్ళ సంఖ్య) తగ్గిస్తే కార్డ్ పని బాగా తగ్గుతుంది, ప్రాసెసర్ పని మాత్రం దాదాపు అలాగే ఉంటుంది. మన పరీక్ష అంతా దీని మీదే నడుస్తుంది. 1440పీ (2560×1440) నుంచి 720పీ (1280×720)కి దిగితే పిక్సెళ్ళు సరిగ్గా నాలుగో వంతు అవుతాయి. కానీ ఆటలో సంతలో తిరిగే జనం ఒక్కరు కూడా తగ్గరు, వాళ్ళ లెక్క ప్రాసెసర్ కట్టాల్సిందే.

ఇక పరీక్ష. మీకు బాగా ఇబ్బంది పెట్టే చోటు ఎంచుకోండి. ఖాళీ గది కాదు, జనం కిక్కిరిసిన వీధి. వీ-సింక్ (ఫ్రేముల వేగాన్ని మానిటర్ వేగానికి కట్టేసే సెట్టింగ్), ఎఫ్‌పీఎస్ పరిమితి రెండూ తీసేయండి. డీఎల్ఎస్ఎస్, ఎఫ్ఎస్ఆర్ (తక్కువ రిజల్యూషన్‌లో గీసి పెద్దది చేసి చూపేవి), ఫ్రేమ్ జనరేషన్ (మధ్యలో అదనపు ఫ్రేములు పుట్టించేది) ఉంటే ఆపేయండి. ఒకే దారిలో ఒక నిమిషం నడిచి, సగటు ఎఫ్‌పీఎస్, కార్డ్ వాడకం శాతం రాసుకోండి. మూడుసార్లు చేసి మొదటిది వదిలేయండి, ఎందుకంటే మొదటిసారి షేడర్లు (రంగులు వేయడానికి కార్డ్ వాడే చిన్న ప్రోగ్రాములు) తయారవుతూ వచ్చే కుదుపులు లెక్కను పాడుచేస్తాయి. ఇప్పుడు రిజల్యూషన్ ఒక్కటే తగ్గించి మళ్ళీ అదే దారిలో నడవండి. గ్రాఫిక్స్ సెట్టింగులన్నీ ఒకేసారి మార్చే ప్రీసెట్‌ని ‘హై’ నుంచి ‘లో’కి మాత్రం మార్చొద్దు. చాలామంది పొరబడేది ఇక్కడే. ప్రీసెట్ మారితే ఎంత దూరం దాకా కనబడాలి, ఎంత జనం ఉండాలి అన్నవి కూడా తగ్గుతాయి. అవి ప్రాసెసర్ మోసే బరువు. అప్పుడు ఎఫ్‌పీఎస్ పెరిగినా ఎవరి వల్ల పెరిగిందో చెప్పలేం.

అంకెలు ఎలా చదవాలో ఉదాహరణతో చూద్దాం. 1440పీలో 74 ఎఫ్‌పీఎస్, కార్డ్ వాడకం 98 శాతం, 720పీలో 151 వచ్చాయనుకోండి. ఈ చోట మీ ప్రాసెసర్ సెకనుకు 151 ఫ్రేముల లెక్క కట్టగలదు, కార్డే 74 దగ్గర ఆగిపోతోంది. ఎంత ఖరీదైన ప్రాసెసర్ పెట్టినా 1440పీలో ఆ 74 అలాగే ఉంటుంది.

ఇప్పుడు ఇంకో కంప్యూటర్: 1440పీలో అదే 74, కానీ కార్డ్ వాడకం 62 శాతం, 720పీలో 77. రిజల్యూషన్ అంత తగ్గించినా మూడు ఫ్రేములే పెరిగాయంటే అడ్డం పడుతున్నది ప్రాసెసర్ వైపే. ప్రాసెసర్ మారిస్తే ఎంత వస్తుందో కూడా సుమారుగా కట్టొచ్చు: 74ని 0.62తో భాగిస్తే 119. కార్డ్ పూర్తిగా పనిచేస్తే రాగలిగింది దాదాపు అంత. పని తక్కువున్నప్పుడు కార్డ్ తన క్లాక్ వేగం (చిప్ పనిచేసే వేగం) తగ్గించుకోవచ్చు కాబట్టి ఇది ఉజ్జాయింపు లెక్కే, అయినా నిర్ణయానికి సరిపోతుంది.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది వీటి మధ్య రకం. 1440పీలో 92, కార్డ్ వాడకం దాదాపు పూర్తిగా, 720పీలో 104. కార్డ్ పరిమితి 92, ప్రాసెసర్ పరిమితి 104. ప్రాసెసర్ ఒక్కటే మారిస్తే సగటు కదలదు, కార్డ్ ఒక్కటే మారిస్తే 104 దగ్గర ఆగిపోతుంది. ఇలాంటి జత నిజానికి బాగా కుదిరిన జత. దాన్ని కదపొద్దనే చెబుతాను.

టాస్క్ మేనేజర్‌లో ‘సీపీయూ 30 శాతమే’ అని చూసి ప్రాసెసర్‌కి క్లీన్ చిట్ ఇవ్వకండి. 8 కోర్లు, 16 థ్రెడ్లు (ఒకేసారి నడిచే పని వరుసలు) ఉన్న ప్రాసెసర్‌లో ఒక థ్రెడ్ పూర్తిగా నలిగిపోతున్నా మొత్తం మీద అది 6 శాతమే. చాలా ఆటల్లో ప్రధానమైన పని ఒకటి రెండు థ్రెడ్ల మీదే పడుతుంది. పైగా విండోస్ ఆ థ్రెడ్‌ని ఒక కోర్ నుంచి ఇంకో కోర్‌కి తిప్పుతుంటుంది కాబట్టి ఏ ఒక్క కోరూ 100 చూపించకపోవచ్చు. అందుకే నేను కార్డ్ శాతాన్ని, రిజల్యూషన్ పరీక్షను నమ్ముతాను.

ప్రాసెసర్ వైపే తప్పు తేలినా, తప్పు ప్రాసెసర్‌దే కాకపోవచ్చు. నా పాత కంప్యూటర్‌లో 3200 వేగం అని కొన్న ర్యామ్ రెండేళ్ళపాటు 2133 దగ్గరే నడిచింది. మదర్‌బోర్డ్ సెట్టింగులుండే బయోస్‌లో, ర్యామ్‌ని దాని మీద రాసిన వేగంతో నడిపే ఎక్స్ఎమ్‌పీ అనే ఒక్క సెట్టింగ్ ఆన్ చేయలేదు, అంతే. చేశాక సంతలో నడుస్తుంటే వచ్చే కుదుపులు చాలావరకు పోయాయి. ప్రాసెసర్‌కి డేటా అందేది ర్యామ్ నుంచే, అది ఆలస్యమైతే ప్రాసెసర్ ఖాళీగా ఎదురుచూస్తుంది. 2022లో వచ్చిన రైజెన్ 7 5800ఎక్స్3డీ ప్రాసెసర్ దీనికి మంచి ఉదాహరణ. 5800ఎక్స్ కంటే దాని క్లాక్ వేగం తక్కువ, కానీ ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలే ఉండే చిన్న, వేగమైన మెమరీ) 32కి బదులు 96 మెగాబైట్లు. ర్యామ్ దాకా వెళ్ళాల్సిన అవసరం తగ్గడంతో ఎన్నో ఆటల్లో అది 5800ఎక్స్‌ను దాటింది.

కాబట్టి ర్యామ్ వేగం చూడండి, ర్యామ్ స్టిక్ ఒకటే ఉందో రెండున్నాయో చూడండి, ఆడేటప్పుడు ప్రాసెసర్ వేడెక్కి క్లాక్ తగ్గుతోందేమో చూడండి. సరిచేసి, పరీక్ష మళ్ళీ మొదటి నుంచి చేయండి.

ఒక మాట మర్చిపోకండి: మీరు రోజూ డీఎల్ఎస్ఎస్ పెట్టుకునే ఆడితే, పరీక్షంతా అయ్యాక అది ఆన్ చేసి ఇంకోసారి నడవండి. 4కేలో డీఎల్ఎస్ఎస్ పెర్ఫార్మెన్స్ మోడ్ అంటే లోపల గీసేది 1080పీ మాత్రమే. కార్డ్‌కి ఊపిరాడుతుంది, భారం ప్రాసెసర్ మీదికి జరుగుతుంది. డీఎల్ఎస్ఎస్ లేకుండా ‘కార్డే కారణం’ అని తేలిన కంప్యూటర్‌లో, అది ఆన్ చేయగానే జవాబు తిరగబడవచ్చు. మీరు ఎలా ఆడతారో ఆ జవాబే మీకు లెక్క.

ఇంటిపని: మీరు ఎక్కువగా ఆడే మూడు ఆటల్లో ఈ పరీక్ష చేసి అంకెలు ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి. పక్కనే మీ మానిటర్ హెర్ట్జ్ (సెకనుకు ఎన్నిసార్లు బొమ్మ మారుస్తుందో), మదర్‌బోర్డ్ మోడల్ పేరు కూడా రాయండి. వచ్చే పాఠంలో ఆ బోర్డ్ సాకెట్‌లో ఇంకా ఏ ప్రాసెసర్లు కూర్చుంటాయో, బోర్డ్, ర్యామ్ కూడా మార్చాల్సి వస్తే లెక్క ఎలా మారుతుందో చూద్దాం.