మోడల్ రైలింజనుకి స్ప్రింగు ఛాసిస్: తీగ కన్నా ముందు రాడ్లు చూసుకోండి

ఇరుసులు కదలకుండా బిగించేసిన ఇంజను, పట్టా కాస్త ఎగుడుదిగుడుగా ఉన్నచోట ఏదో ఒక చక్రం పైకి లేపేస్తుంది, కరెంటు అందక టక్కున ఆగిపోతుంది. ప్రతి ఇరుసూ స్ప్రింగులా వంగే స్టీలు తీగ మీద విడిగా ఆడే స్ప్రింగు ఛాసిస్ కట్టేది అందుకే. అందరూ తీగ దగ్గరే బుర్ర బద్దలుకొట్టుకుంటారు గానీ అసలు పనంతా ఒక పక్క చక్రాలన్నిటినీ కలిపే కప్లింగ్ రాడ్లలోనూ బరువులోనూ ఉంది.

మొదటిసారైతే ఆరు చక్రాల ఇంజనే పెట్టుకోండి. ఫ్రేములకి అర మిల్లీమీటరు జర్మన్ సిల్వర్ (రాగి కలిసిన తెల్ల లోహం) రేకు చాలు. ముందు రాడ్లు చేయండి: రెండు వైపులవీ కలిపి టంకంతో అతికించి, బెజ్జాలు ఒకేసారి వేసి, తర్వాత విడదీయండి. నడిమి చక్రం దగ్గర రాడ్డుకి కీలు ఉండి తీరాలి, ఒకే ముక్కగా ఉంటే ఇరుసులు విడివిడిగా కదల్లేవు. బేరింగులు పైకీ కిందకీ జారే హార్న్‌బ్లాకుల్ని ఫ్రేముకి అతికేటప్పుడు కొలత స్కేలుతో కాదు, ఆ రాడ్లనే ఇరుసుల చివర్లకి తగిలించి దూరం పట్టుకోండి. బేరింగు దాని బరువుకి అదే కిందికి జారాలి, వేలితో నెట్టాల్సి వస్తే ఆకురాయి పని ఇంకా మిగిలినట్టే.

తీగకి ఎక్కడికో ఆర్డరు పెట్టక్కర్లేదు. రాజమండ్రిలోనో కాకినాడలోనో గిటార్లు అమ్మే షాపులో సన్నటి సాదా స్టీలు తీగలు దొరుకుతాయి, చుట్టు ఉన్నవి వద్దు. పక్కకి ఒక తీగ చొప్పున, ఫ్రేముకి అతికిన నాలుగు ఆధారాల మీదుగా, ప్రతి బేరింగు నెత్తినున్న చిన్న రింగులోంచి పోవాలి. ఆధారాలన్నీ సమదూరంలో పెడితే నడిమి ఇరుసు మీద బరువు ఎక్కువ పడుతుంది, కాబట్టి చివరివి రెండూ చివరి ఇరుసులకి దగ్గరగా జరపండి. తీగ గట్టిదనం మందానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది, అంటే 0.28 మి.మీ. తీసి 0.33 వేస్తే దాదాపు రెట్టింపు. అందుకే బాడీ, మోటారు, బరువు అన్నీ పెట్టాకే తీగ ఎంచుకోండి, నిండు బరువుతో అర మిల్లీమీటరు దిగితే బాగున్నట్టే.

బరువుకి వలలకి కట్టే సీసం గుళ్లని మించింది లేదు, కోనసీమలో ఏ వలల కొట్లోనైనా ఇస్తారు. బాయిలరులో సర్దుకుంటూ, నడిమి ఇరుసు కింద పెన్సిలు పెట్టి చూడండి, ఎటూ ఒరగకూడదు. సీసం ముట్టుకున్న చేతులు కడుక్కోండి.

గేర్‌బాక్సుని మాత్రం ఫ్రేముకి బిగించొద్దు! అది ఇరుసుతో పాటు ఊగాలి, గిర్రున తిరిగిపోకుండా వెనక ఒక చిన్న పట్టు ఉంటే చాలు.

ఇక అలంకారాలు. బ్రేకు దిమ్మలు లోహంతో చేస్తే చక్రానికి తగిలి షార్టవుతుంది, ప్లాస్టిక్కు మేలు, అదీ చక్రం పైకీ కిందకీ ఆడినా తగలనంత ఎడంగా. ఇసుక గొట్టాలు, పట్టీ స్ప్రింగుల నకళ్లు ఫ్రేముకే అతికేయొచ్చు. బ్రేకు సెట్టు మొత్తం మాత్రం స్క్రూల మీద ఊడివచ్చేలా చేయండి, చక్రాలు తీయాలంటే అదే అడ్డం.

మన డెల్టా చెమ్మకి టంకం బాగా అంటడానికి పూసే ఫ్లక్సు రేకు మీద మిగిలితే పచ్చగా చిలుము పడుతుంది, స్టీలు తీగ తుప్పెక్కుతుంది. టంకం పని ముగిసిన రోజే వంట సోడా నీళ్లతో, పాత టూత్‌బ్రష్షుతో రుద్ది కడిగి, బాగా ఆరాక తీగకి నూనె తడి గుడ్డ రాయండి.