పాత లింకులు పోనివ్వకండి

కొత్త బ్యాక్‌లింకుల (వేరే సైట్లు మన సైట్‌కి ఇచ్చే లింకులు) కోసం మెయిల్స్ పెట్టీ పెట్టీ విసుగొచ్చింది. ర్యాంకింగ్ కోసం డబ్బులిచ్చి లింకులు కొనడం గూగుల్ స్పామ్ రూల్స్‌కి విరుద్ధం, ఆ టెన్షన్ మనకెందుకు? ఈలోగా మన సైట్‌కి ఎప్పుడో ఎవరో ఇచ్చిన మంచి లింకులే చచ్చిన పేజీల మీద పడి ఉంటాయి. ముందు వాటిని లేపండి.

గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో (మన సైట్ గూగుల్‌లో ఎలా ఉందో చూపే టూల్) పేజెస్ రిపోర్ట్ తెరిచి, కింద 'నాట్ ఫౌండ్ (404)', అంటే 'పేజీ దొరకలేదు' అన్నదాని మీద నొక్కండి. వచ్చిన లిస్టులో ఒక్కో యూఆర్‌ఎల్‌నీ ఇన్‌స్పెక్ట్ చేస్తే 'రిఫరింగ్ పేజ్' (ఆ లింకు ఉన్న పేజీ) అని చాలాసార్లు కనిపిస్తుంది. అది బయటి సైట్ అయితే, ఆ పాత అడ్రస్‌ని అదే విషయం ఉన్న కొత్త పేజీకి 301 రీడైరెక్ట్ (శాశ్వతంగా దారి మళ్లించడం) చేయండి. నాకైతే ఎక్కువగా దొరికినవి నేనే స్లగ్ (యూఆర్‌ఎల్ చివర ఉండే పేజీ పేరు) మార్చేసి మర్చిపోయిన పేజీలు! రీడైరెక్ట్‌ని కనీసం ఏడాది ఉంచాలి, తీయకపోతే ఇంకా మంచిది.

ఒక్క జాగ్రత్త: సరిపోయే పేజీ లేదని అన్నిటినీ హోమ్ పేజీకి తోలేయకండి. గూగుల్ వాటిని సాఫ్ట్ 404 (పేజీ తెరుచుకున్నా దొరకనట్టే లెక్క) కింద చూసే అవకాశం ఉంది, అప్పుడు పడ్డ శ్రమంతా వృథా. అలాంటివాటిని 404గానే వదిలేయండి, లేదా ఆ పేజీని మళ్లీ రాయండి.