ఒక సెట్ ఒకరికే: టోక్యోలో నేపాలీ హోటళ్లకు వెళ్లే కొత్తవాళ్లకు

పోయిన నెల మా ఆఫీసులో కొత్తగా చేరిన ఇద్దరు కుర్రాళ్లను నిషి-కసాయి స్టేషను దగ్గర, నేను ఏళ్ల తరబడి తింటున్న చిన్న నేపాలీ హోటల్లో చూశాను. నేను మూల బల్ల దగ్గర ఉన్నాను కాబట్టి వాళ్లు నన్ను గమనించలేదు. ఇద్దరూ కలిసి ఒకే లంచ్ సెట్ చెప్పారు. పళ్లెం ఒకటి, చెంచాలు రెండు. నాన్ ఎన్నిసార్లయినా ఉచితంగా వేస్తామని గోడ మీద రాసి ఉంది కాబట్టి మళ్లీ అడిగారు, ఆ తర్వాత మళ్లీ అడిగారు. నాలుగోసారి అడిగినప్పుడు వడ్డించే ఆవిడ ఒక్క క్షణం ఆగి వంటగది వైపు చూసింది. లోపల తందూరు దగ్గర నిలబడిన పెద్దాయన ఏమీ అనలేదు. పిండి ముద్ద అందుకుని, అరచేతుల మధ్య అటూ ఇటూ చరిచి, ఒక కొస పట్టుకుని సాగదీసి, గుడ్డ దిండు మీద పరిచి, తందూరు గోడకు అంటించారు. కుర్రాళ్లు ఒక సెట్ డబ్బు కట్టి, నవ్వుతూ దండం పెట్టి వెళ్లిపోయారు.

వాళ్లు చెడ్డవాళ్లు కారు, ఎవరూ చెప్పలేదు, అంతే. అందుకే ఇది రాస్తున్నాను. రైలు కార్డు ఎక్కడ కొనాలి, బ్యాంకు ఖాతా ఎలా తెరవాలి అన్నవి మీ కంపెనీవాళ్లే చెబుతారు. ఈ సంగతి మాత్రం ఎవరూ చెప్పరు.

మొదట ఆ హోటలు ఎవరిదో తెలుసుకోండి. బోర్డు మీద భారతదేశం జెండా, నేపాల్ జెండా పక్కపక్కన ఉంటాయి. లోపల తాజ్‌మహల్ బొమ్మ ఉంటుంది. చూడగానే మన హోటలే అనిపిస్తుంది. నడిపేది మాత్రం చాలావరకు నేపాలీలు. తొలినాళ్లలో వచ్చిన వంటవాళ్లలో ఎక్కువమంది పశ్చిమ నేపాల్‌లోని బాగ్లుంగ్ జిల్లా వాళ్లు. ఢిల్లీలోనో ముంబైలోనో హోటళ్లలో గిన్నెలు కడగడంతో మొదలుపెట్టి తందూరు దాకా ఎదిగి, అక్కడినుంచి జపాన్ వచ్చారు. విదేశీ వంటవాడిగా ఇక్కడ వీసా రావాలంటే ఆ వంటలో పదేళ్ల అనుభవం చూపించాలి. మీకు నాన్ అందిస్తున్న మనిషి వెనుక కనీసం పదేళ్ల పొగ, వేడి ఉన్నాయన్నమాట. ఆయన మీతో హిందీ మాట్లాడేది అది ఆయన మాతృభాష అని కాదు. హిందీ నేపాలీకి కాస్త దగ్గరిదే అయినా వేరే భాష. ఆయనది కడుపు కోసం నేర్చుకున్న భాష. కాబట్టి “ఏ భయ్యా, జల్దీ” అని కేక వేయకండి. మగవాళ్లను “దాయ్” అనండి, ఆడవాళ్లను “దీదీ” అనండి. నేపాలీలో అన్న, అక్క అని అర్థం. ఆ ఒక్క మాటకే ముఖం విప్పారడం మీరే చూస్తారు.

ఇక నేను అసలు చెప్పదలచుకున్న మాటకు వస్తాను. మధ్యాహ్నం సెట్ అంటే రెండు కూరలు, నాన్ లేదా అన్నం, నారింజరంగు సాస్ వేసిన కాస్త క్యాబేజీ సలాడ్, ఒక్కోచోట లస్సీ కూడా. వెయ్యి యెన్లకు అటూ ఇటూగా ఉంటుంది. “ఒకావారి” అని రాసి ఉంటే నాన్ మళ్లీ వేస్తారని అర్థం. కానీ అది ఆ సెట్ తీసుకున్న మనిషికి మాత్రమే. ఒక మనిషికి ఒక ఆర్డరు అన్నది ఈ దేశంలో చాలా చిన్న హోటళ్లలో ఉన్న నియమం. కొన్నిచోట్ల గోడమీద జపనీస్‌లో రాసి అంటిస్తారు. మనం చదవలేం కాబట్టి లేదనుకుంటాం.

లెక్క చూడండి. పన్నుతో కలిపి వెయ్యి యెన్లు అనుకుంటే, అందులో దాదాపు 90 యెన్లు పన్నే. కూర్చుని తింటే పది శాతం, పొట్లం కట్టించుకుంటే ఎనిమిది శాతం. టోక్యోలో ఒక గంట పనికి చట్టం ప్రకారం ఇవ్వాల్సిన కనీస కూలి 2025 అక్టోబరు నుంచి 1,226 యెన్లు. ఇక్కడ చదువుకుంటూ హోటల్లో మీకు నీళ్లు పోసే పిల్ల ఒక గంట జీతానికి మీ సెట్ సరిపోదు. అందులోనే గ్యాస్, అద్దె, బియ్యం, మైదా, వెన్న. ఆ పిల్లకు వీసా నిబంధనల ప్రకారం చదువు రోజుల్లో వారానికి 28 గంటలకు మించి పని చేసే వీలు లేదు. యజమాని పరిస్థితి ఇంకా ఇరుకు. సొంతంగా వ్యాపారం నడిపే వీసాకు ఇంతకుముందు 50 లక్షల యెన్ల పెట్టుబడి చూపిస్తే సరిపోయేది. 2025 అక్టోబరులో దాన్ని మూడు కోట్లకు పెంచారు. ఇవన్నీ తలమీద మోస్తున్న మనిషి మీ నాలుగో నాన్‌కు నోరు తెరిచి వద్దనడు. వద్దనడు కాబట్టే మనం ఆగాలి. “మనవాళ్లే కదా” అనే మాట నాకు అందుకే కోపం తెప్పిస్తుంది. అదే కుర్రాళ్లు పక్కవీధి రామెన్ కొట్టులో ఒక గిన్నె చెప్పి ఇద్దరు తింటారా? తినరు. అక్కడ భయం ఉంటుంది. ఇక్కడ మాత్రం చనువు, ఆ చనువు ఖర్చంతా ఒకవైపే పడుతుంది.

నేనూ ఇదే చేశాను, ఇంతకంటే ఎక్కువే చేశాను. 2013 ఏప్రిల్‌లో వచ్చాను. ఇంటికి అడ్వాన్సు, దానిపైన రేయికిన్ అని యజమానికి కట్టే తిరిగిరాని సొమ్ము, రెండూ కట్టేసరికి చేయి ఖాళీ అయింది. మొదటి జీతం 25న. అంతవరకు రోజుకు ఒక్క పూటే భోజనం, అదీ ఆ హోటల్లోనే. రెండోవారం ఒకరోజు మళ్లీ అడిగి వేయించుకున్న నాన్‌ను కాగితం రుమాలులో చుట్టి, బల్ల కింద ఆఫీసు సంచిలో పెట్టుకున్నాను, రాత్రికి అని. యజమాని చూశారు. గొంతు పెంచలేదు. నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, హిందీలో మెల్లగా చెప్పారు: “ఇక్కడ కూర్చుని కడుపునిండా తినండి. బయటికి మాత్రం తీసుకెళ్లవద్దు. రాత్రి మీ కడుపు పాడైతే ఆరోగ్య శాఖవాళ్లు వచ్చి నా కొట్టు మూయిస్తారు.” ఆ మాట నిజమే. ఇక్కడ ఎవరికైనా ఆహారం వికటించిందని తేలితే హోటలును కొన్నిరోజులు మూసేయిస్తారు. అందుకే చాలాచోట్ల తినగా మిగిలినది కట్టివ్వమంటే తల అడ్డంగా ఊపుతారు, ముఖ్యంగా వేసవిలో. పొట్లం కావాలంటే మొదటే విడిగా చెప్పి కొనుక్కోవాలి.

సంచిలోంచి ఆ నాన్ తీసి పళ్లెంలో పెట్టాను. తినలేకపోయాను. ఆ తర్వాత రెండు నెలలు ఆ వీధిలో అవతలి పక్కన నడిచాను. ఊరుకాని ఊరులో నా మాట అర్థమయ్యే ఒకే ఒక్క చోటును చేజేతులా పోగొట్టుకున్నాను. కన్వీనియన్స్ స్టోరులో అన్నం ముద్దలు తిన్నాను. అందులో సగం చేపవని ఆలస్యంగా తెలిసింది. ఆ రెండు నెలలు మీకు రాకూడదని నా ఆరాటం.

గుంపుగా వెళ్లేవాళ్లకూ ఒక మాట. పండుగ భోజనానికి ఇరవైమందికి చెప్పి పదకొండుమంది వెళ్లిన రోజు ఒకటి నాకు ఇంకా గుర్తుంది. చెప్పింది నేనే. రాత్రే చికెన్‌కు పెరుగు, మసాలా పట్టించి ఉంచారు, ఉదయమే మోమోలు చేత్తో మడిచి పెట్టుకున్నారు. తొమ్మిదిమంది “వర్షం కదా” అన్నారు. ఆ తొమ్మిదిమంది డబ్బు నేను ఇవ్వబోతే యజమాని తీసుకోలేదు. అది ఇంకా బాధ. లెక్క తగ్గితే ముందురోజే ఫోను చేయండి. రెండు నిమిషాల పని అది.

శాకాహారులు జాగ్రత్తగా వినండి. పప్పు, పాలకూర అని పేరు చూసి ధైర్యంగా తినేయకండి. సెట్‌తో ఇచ్చే వేడి సూప్‌లో కోడి ఉడికించిన నీళ్లు ఉండవచ్చు. నాన్ పిండిలో కొన్నిచోట్ల గుడ్డు కలుపుతారు, ఆ మెత్తదనానికి అదీ ఒక కారణం. కీమా కూర అంటే దేని కీమా అన్నది కూడా అడగండి, ఒక్కో హోటల్లో ఒక్కో మాంసం. “వెజ్” అన్న ఒక్క మాటతో ఆపవద్దు. మాంసం, చేప, గుడ్డు ఏదీ వద్దని విడివిడిగా చెప్పండి. వాళ్లు దాచరు, అడిగితే ఉన్నదున్నట్టు చెబుతారు. వినకుండా తిని, తర్వాత గొడవపడడం చూశాను.

కారం విషయం. జాబితాలో ఒకటినుంచి ఐదు దాకానో పది దాకానో అంకెలు ఉంటాయి. మనవాళ్లు ముందూ వెనుకా చూడకుండా పై అంకె చెబుతారు. చాలాచోట్ల జరిగేదేమిటంటే, జపాన్‌వాళ్ల నోటికి తగ్గట్టు తియ్యగా వండి ఉంచిన కూరలోనే చివరికి ఇంకాస్త కారంపొడి కలిపి తెస్తారు. పచ్చి కారం గొంతులో మండుతుంది, రుచి రాదు. గుంటూరు కారం అక్కడ దొరకదు, వెతకకండి. దానికి బదులు పచ్చిమిరపకాయలు, అచార్ అనే వాళ్ల పచ్చడి అడగండి. నేపాలీలో కారంగా అనడానికి “పిరో” అంటారు. వాళ్లు “మీఠో” అంటే తీపి అనుకోకండి. బాగుంది, రుచిగా ఉంది అని అర్థం. తిన్నాక “మీఠో ఛ” అనండి. చాలు అనడానికి “పుగ్యో”. ఈ మాట ముందు నేర్చుకోండి, ఎందుకో పైన చెప్పాను.

నాన్, బటర్ చికెన్ పదిసార్లు తిన్నాక మీకే మొహం మొత్తుతుంది. అవి జపాన్‌వాళ్ల కోసం చేసినవి. మన ఇళ్లలో మాత్రం రోజూ నాన్ ఎవరు తిన్నారు? అప్పుడు అడగవలసింది దాల్ భాత్. కొన్నిచోట్ల అది బొమ్మల జాబితాలో ఉండదు, విడి కాగితం మీద నేపాలీలో ఉంటుంది. టోక్యోలోనే ఉన్న షిన్-ఓకుబో పేటకు వెళ్తే వీధి వీధినా దొరుకుతుంది. అన్నం మధ్యలో, చుట్టూ పలుచని పప్పు, కూర, ముల్లంగి అచార్, పులియబెట్టి ఎండబెట్టిన ఆకుకూరతో చేసే గుంద్రుక్. మొదటిసారి గుంద్రుక్ నోట్లో పెట్టుకున్నప్పుడు గోంగూరకు అలవాటుపడిన నాలుక ఒక్కసారి లేచి కూర్చుంది. పులుపు అదే కాదు, కానీ పులుపు కోసం ఆరాటపడే నాలుకకు అదీ ఊరటే. అచార్‌లో తిమ్మూర్ అనే గింజలు నాలుకను సన్నగా తిమ్మిరెక్కిస్తాయి, భయపడకండి. అక్కడ చేత్తో కలుపుకుని తినవచ్చు, పక్కబల్లల దగ్గర అందరూ అలాగే తింటుంటారు. పప్పు, అన్నం మళ్లీ వడ్డించడం వాళ్ల మర్యాద. అక్కడ కూడా ఒక పళ్లెం ఒకరికే.

డబ్బు బల్ల దగ్గర కాదు, ద్వారం పక్కన ఉండే కౌంటరులో కట్టాలి. టిప్పు ఇవ్వకండి, వెంటపడి తిరిగి ఇస్తారు. చిన్నచోట్ల కార్డు తీసుకోకపోవచ్చు, నోట్లు ఉంచుకోండి.

ఇన్ని చెప్పి భయపెట్టాను కాబట్టి ఇదీ చెప్పాలి. రెండు నెలల తర్వాత ఒక సాయంత్రం అవతలి పక్కన నడుస్తుంటే ఆ యజమానే తలుపు తీసి పిలిచారు. “ఇంతకాలం ఊళ్లో లేరా?” అన్నారు. మూడున్నర అయింది, హోటలు మూసి ఉంది, వాళ్లు తమ కోసం వండుకున్న దాల్ భాత్ తింటున్నారు. నాకూ ఒక పళ్లెం పెట్టారు. డబ్బు తీసుకోలేదు. సంచి మాట ఎత్తలేదు. అప్పుడు తెలిసింది, నేను అవతలి పక్కన నడిచినన్ని రోజులూ ఆయనకు నామీద కోపమే లేదు. తప్పు చేస్తే మిమ్మల్నీ అలాగే చూస్తారు, ఆ నమ్మకం నాకుంది. ఆ కుర్రాళ్లకు కూడా ఇదే చెప్పాను. ఈ శనివారం ఇద్దరూ చెరొక సెట్ తీసుకుంటామన్నారు.

మూడునుంచి ఐదు మధ్య మాత్రం వెళ్లకండి. చాలాచోట్ల మధ్యాహ్నం ఆర్డర్లు రెండున్నరకే ఆపేస్తారు. అది వాళ్లు కూర్చుని తినే వేళ.